ఖమ్మం ఎండలో గరిక లాన్: శివరాత్రి నుంచి మృగశిర దాకా

శివరాత్రి ముందు: తవ్వి చూడటం

ఇంటి ముందు 70 గజాల జాగాలో లాన్ ఉంది. ఇల్లు కట్టినప్పుడే నాన్న ఒక కాంట్రాక్టరుకి చెప్పి మెక్సికన్ గ్రాస్ మ్యాట్లు పరిపించారు. వానాకాలంలో బాగానే ఉంటుంది, సంక్రాంతి దాకా పర్వాలేదు, ఉగాది వచ్చేసరికి అంచుల నుంచి ఎండటం మొదలై మే నెలకి సగం గోధుమరంగుకి తిరుగుతుంది, మిగతా సగం పసుపు. "ఈ ఎండలకి లాన్ ఎక్కడ నిలుస్తుంది, గ్రానైట్ వేయించేయండి" అనేవాళ్లే ఎక్కువ, ఖమ్మంలో గ్రానైట్‌కి కరువేముంది. కానీ నాకు ఆ గడ్డి కావాలి. మే నెలలో రాత్రి ఏడింటికి కూడా గ్రానైట్ మీద కాలు పెట్టలేం, గడ్డి మీదైతే చాప వేసుకుని కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ పొద్దున నాలుగడుగులు వేసేది కూడా దాని మీదే. అందుకే ఈసారి మెక్సికన్ గ్రాస్ తీసేసి గరిక వేద్దామని, ఎండలు ముదరకముందే పని మొదలుపెట్టి, ఏం చేసిందీ, ఏమైందీ ఇక్కడ రాసిపెడుతున్నా.

మొదట పార తీసుకుని అక్కడక్కడా జానెడు లోతు తవ్వి చూశాను. పైన మ్యాటుతో పాటు వచ్చిన జిగట మట్టి ఒక అంగుళం, దాని కింద ఎర్రమట్టి రెండంగుళాలు, ఆ కిందంతా ఇల్లు కట్టగా మిగిలిన చెత్త: ఇటుక ముక్కలు, కంకర, గట్టిపడిన సిమెంటు పెచ్చులు, ఒకచోట గోనెసంచి పీలిక. వేర్లన్నీ ఆ మూడంగుళాల్లోనే అడ్డంగా అల్లుకుని ఉన్నాయి, కిందికి దిగింది ఒక్కటీ లేదు. అంత పలచని మట్టిలో ఎంత పోసినా మే నెలలో నీళ్లు రెండు రోజులకి మించి ఆగవు. పైగా పై మట్టి ఒక రకం, కింది మట్టి ఇంకో రకం అయితే ఆ అతుకు దగ్గరే నీళ్లూ ఆగిపోతాయి, వేర్లూ ఆగిపోతాయి. ఇన్నేళ్లుగా ఎండని తిట్టుకుంటున్నాం గానీ అసలు సంగతి ఇక్కడుంది, మ్యాట్లు పరిచినవాళ్లు చెత్త ఎత్తకుండానే పైన మట్టి చల్లి కప్పేశారు.

పసుపు రంగు సంగతి కూడా అప్పుడే తేలింది. ఒక ఆకుని వెలుతురుకి పట్టుకుని చూస్తే ఈనెలు సన్నని గీతల్లా పచ్చగా ఉన్నాయి, గీతల మధ్య లేత పసుపు, అదీ కొత్త చిగుళ్లలోనే. నత్రజని తక్కువైతే ముందు ముదురు ఆకులు పసుపెక్కుతాయి, ఇనుము అందకపోతే ముందు చిగుళ్లు. సిమెంటు పెచ్చుల దగ్గరి మట్టి కాస్త తీసి దాని మీద నిమ్మకాయ పిండితే బుస్సుమని నురగ వచ్చింది. అంటే సున్నం. మట్టిలో సున్నం ఎక్కువుంటే ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, మన బోరు నీళ్లు కూడా చవుడు నీళ్లయితే ఇంకా కష్టం. భూసార పరీక్షకి ఇస్తే పీహెచ్ 8.4 అని వచ్చింది, అంటే క్షార గుణం ఎక్కువున్న నేల. గడ్డి పసుపెక్కగానే యూరియా చల్లమని అందరూ చెబుతారు, ఇలాంటి మట్టిలో దాని వల్ల పసుపు పోదు.

ఎంత లాన్ ఉంచాలి

ఇది పూర్తిగా నీళ్ల లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబెడితే అది సరిగ్గా ఒక లీటరు. 70 గజాలు అంటే దాదాపు 58 చదరపు మీటర్లు. నడి వేసవిలో గరిక లాంటి గడ్డికి రోజుకి 5 నుంచి 6 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే వారానికి 40 మిల్లీమీటర్లు అనుకుందాం. 70 గజాలకి వారానికి 2,300 లీటర్లు పైనే. ఏప్రిల్ చివరికి మా బోరు మోటరు ఆగి ఆగి పోస్తుంది, వీధిలో కొన్ని ఇళ్లకి ట్యాంకర్లు వస్తాయి. అలాంటప్పుడు గడ్డికి అన్ని నీళ్లు పోయడం నాకు మనస్కరించదు, పోద్దామన్నా బోరు ఇవ్వదు.

అందుకని లాన్‌ని 40 గజాలకి తగ్గించాం. ఎక్కడ తగ్గించాలో చెట్టే చెప్పింది. తూర్పు వైపు వేపచెట్టు కింద నీడలో గడ్డి ఎప్పుడూ పలచగానే ఉండేది, ఎండ చాలదు, ఉన్న నీళ్లు చెట్టు వేర్లు లాగేస్తాయి. గరికకి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడాలి, కొట్లాడి అక్కడ పెంచడంలో అర్థం లేదు. అక్కడ గడ్డి తీసేసి ఎండుటాకులు మందంగా పరిచాం, రెండు బల్లలు వేశాం. గేటు నుంచి వసారా దాకా గ్రానైట్ బాట ఉంది, దాని పక్కన అడుగు వెడల్పున గడ్డి ఏటా మాడిపోతుంది, రాయి పగలంతా కాగి ఆ వేడిని పక్క మట్టిలోకి దింపుతుంది కాబట్టి. ఆ అడుగూ వదిలేసి నందివర్ధనం మొక్కలు పెట్టాం.

నాన్నకి మొదట నచ్చలేదు. "ఉన్నదాన్ని సగం చేస్తావేంరా" అన్నారు. లెక్క కాగితం మీద వేసి చూపించాక, "సరే, ఆ సగమైనా మేలో పచ్చగా ఉంచు చూద్దాం" అన్నారు.

శివరాత్రి తర్వాత: మట్టి మార్చి గరిక నాటడం

శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుందంటారు కదా, గరికకి కావాల్సింది అదే, రాత్రుళ్లు వెచ్చబడితే గానీ అది కదలదు. వానాకాలంలో, ఆరుద్ర కార్తెలో నాటడం ఇంకా తేలిక, నీళ్ల బెంగ ఉండదు. కానీ నాకు ఈ వేసవికే గడ్డి కావాలి, చలి పోవడానికీ ఎండ ముదరడానికీ మధ్య ఉన్న ఆ కొద్ది వారాలే నాకున్న అదను.

40 గజాల్లో ముప్పావు అడుగు లోతు చెత్త తీయించాం, మూడు ట్రాక్టర్లు అయింది. అడుగు నేలని గునపంతో వదులు చేసి, ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపాం. చివికిందా లేదా అన్నది చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది, పేడ వాసన రాకూడదు, పొడిపొడిగా రాలాలి. పచ్చి ఎరువు వేస్తే చెదలూ వస్తాయి, కలుపు విత్తనాలూ వస్తాయి. మట్టి నింపాక మడి మొత్తం నీళ్లతో తడిపి, కుంగిన చోట మళ్లీ నింపి, ఇంటి వైపు నుంచి వీధి వైపుకి కొద్దిగా వాలు పెట్టాం. ఈ దశలో తొందరపడకూడదు, నాటాక పల్లాలు బయటపడితే వాన పడ్డప్పుడల్లా అక్కడ నీళ్లు నిలుస్తాయి.

గడ్డి ఏది? మెక్సికన్ గడ్డి చూడ్డానికి మెత్తగా అందంగా ఉంటుంది, నిజమే, కానీ నిదానంగా పాకుతుంది, ఒకచోట ఎండితే ఆ బొక్క పూడటానికి నెలలు పడుతుంది. గరిక అయితే భూమి లోపలి కాడల నుంచి మళ్లీ లేస్తుంది, పైనంతా ఎండినా అడుగున ప్రాణం ఉంటుంది. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే, నర్సరీల్లో సెలక్షన్ వన్ అని అమ్మేది అందులోనే సన్నని ఆకు రకం. కడియం వైపు నుంచి వచ్చే లారీల్లో మా ఊరి నర్సరీలకి దిగుతుంది. మొత్తం మ్యాట్లు కొనలేదు, కొన్ని తీసుకుని కాడలుగా విడదీశాం. ఒక్కో కాడకి రెండు మూడు కణుపులు ఉండాలి, ఒక కణుపైనా మట్టిలోకి పోవాలి, కొస బయటికి కనపడాలి. కాడకీ కాడకీ బెత్తెడు దూరం. మామిడితోటల్లో పని చేసిన పెద్దాయన ఒకరు సాయానికి వచ్చారు, ఆయన నాటిన వరసలు నారుమడి వేసినంత తీరుగా ఉన్నాయి. "సారూ, మట్టి ఎంత వదులుగా ఉన్నా కాడ చుట్టూ మాత్రం వేలితో గట్టిగా నొక్కాలె, లోపల గాలి ఉంటే ఎండిపోతది" అన్నారు. నాటిన ప్రతి కాడా అలాగే నొక్కాం.

మొదటి రెండు వారాలు పొద్దునా సాయంత్రం పలచగా తడి, తర్వాత రోజుకోసారి, ఆ తర్వాత రోజు విడిచి రోజు. ఇలా మెల్లగా దూరం పెంచుతూ పోతేనే వేరు నీళ్ల కోసం కిందికి దిగుతుంది. ఎండాకాలానికి లాన్‌ని సిద్ధం చేయడం అంటే నా దృష్టిలో ఇదే, మార్చిలో వేరు దిగకపోతే మేలో ఎంత పోసినా లాభం లేదు.

ఉగాది నాటికి

ముప్పాతిక భాగం కమ్ముకుంది. కాడలు పాకుతూ కణుపు కణుపుకీ వేరు వేస్తున్నాయి. చదరపు మీటరుకి 5 గ్రాముల చొప్పున యూరియా చల్లి వెంటనే నీళ్లు పెట్టాను. 40 గజాలు అంటే 33 చదరపు మీటర్లు, మొత్తం కలిపి 165 గ్రాములు. ఇసుకలో కలిపి చల్లితే అంతటా సమంగా పడుతుంది. ఇంతకు మించి ఎండలో వద్దు. ఎక్కువ వేస్తే ఆకు గుబురుగా లేస్తుంది, వేరు వెనకబడుతుంది, ఆకు ఎంత ఎక్కువుంటే నీళ్లు అంత ఎక్కువ తాగుతుంది.

పసుపుకి మందు మన రైతులు బత్తాయి తోటల్లో కొట్టేదే: లీటరు నీటికి అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా పిచికారీ. గ్రానైట్ మీద పడితే తుప్పు మరకలు పడతాయి, పాత దుప్పటి కప్పుకోవాలి. వారం తిరిగేసరికి కొత్త మట్టి అంచుల్లో మిగిలిన పసుపు పోయింది. ఇది శాశ్వతం కాదు, మట్టిలో సున్నం అలాగే ఉంటుంది కాబట్టి అవసరమైనప్పుడల్లా మళ్లీ కొట్టాలి. జిప్సం వేయమని చాలామంది అంటారు, అది సోడియం ఎక్కువున్న నేలకి పనికొస్తుంది, సున్నం వల్ల వచ్చిన పసుపుకి కాదు.

తుంగ దిగింది, ఎర్రమట్టితోనే వచ్చి ఉంటుంది. గడ్డి కంటే ముందు లేచి, నున్నగా, లేత పచ్చగా, మూడు పలకల కాడతో నిలబడుతుంది. పైన పట్టుకుని లాగితే తెగి చేతికి వస్తుంది, పోయిందనుకుంటాం, వారంలో అక్కడే మళ్లీ లేస్తుంది. కలుపు తీసే తొలికని పక్క నుంచి లోతుగా దింపి మట్టి గడ్డతో సహా లేపి విప్పి చూస్తే అసలు రూపం తెలుస్తుంది: బఠాణీ గింజంత నల్లటి గడ్డ, దాని నుంచి తీగలాంటి గట్టి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, దాన్నుంచి ఇంకొకటి, విరిచి చూస్తే లోపల తెల్లగా, ఘాటైన మంచి వాసన. ఒక్క గడ్డ మిగిలినా చాలు దానికి. చెరకులో దీనికి హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు ఎకరానికి 36 గ్రాములు కొడతారు. ఎకరం అంటే 4,840 గజాలు, నా 40 గజాలకి లెక్క కడితే 0.3 గ్రాము. బంగారం తూచే త్రాసు లేకుండా అది కొలవడం అయ్యే పని కాదు, చేతి అంచనాతో వేస్తే పదింతలు పడుతుంది. అమ్మ వట్టి కాళ్లతో నడిచే చోట ఆ పని చేయను. నీళ్లు పెట్టిన మర్నాడు పొద్దున్నే మట్టి మెత్తగా ఉన్నప్పుడు తొలికతో తీయడమే, ఇద్దరం కూర్చుంటే ఒక గంట పని.

భరణి, కృత్తిక కార్తెలు: నీళ్లు ఎలా

పక్కింటాయన రోజూ సాయంత్రం పైపు పట్టుకుని తన లాన్ మీద పదినిమిషాలు చిలకరిస్తారు, నన్ను చూసి "రోజూ కొడితే గానీ నిలవదు తమ్ముడూ" అంటారు. ఆయన మీద గౌరవం ఉంది గానీ ఈ మాటతో నేను ఏకీభవించను. అలా చిలకరిస్తే పై అరంగుళం తడుస్తుంది, వేరు ఆ అరంగుళం కోసమే పైకి వస్తుంది. సాయంత్రం తడిసిన ఆకు రాత్రంతా తడిగా ఉంటే తెగుళ్లకి కూడా దారి.

నేను పెడుతున్నది వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 మిల్లీమీటర్లు, తెల్లవారుజామున. మా మట్టిలో 20 మిల్లీమీటర్లు దిగితే ఆరంగుళాలు తడుస్తుంది, 40 గజాలకి దాదాపు 670 లీటర్లు. స్ప్రింక్లర్ ఎంత పోస్తోందో తెలియడానికి లాన్ మీద అక్కడక్కడా స్టీలు గ్లాసులు పెట్టాను, నిటారు గ్లాసులే వాడాలి, పైకి వెడల్పయ్యేవి పనికిరావు. అరగంట తర్వాత స్కేలు పెట్టి కొలిస్తే మధ్యలో 11 మిల్లీమీటర్లు, మూలల్లో 4! గుండ్రంగా తిరిగే స్ప్రింక్లర్ మూలలకి సరిగ్గా అందదు, గోధుమరంగు మచ్చలన్నీ మూలల్లోనే ఎందుకు వస్తాయో దీంతో తేలిపోయింది. ఇప్పుడు సగం సేపు ఒక చోట, సగం సేపు ఇంకోచోట పెట్టి, మూలలకి పైపుతో విడిగా పోస్తున్నా. ఒకే దెబ్బకి పోస్తే వాలు వెంట వీధిలోకి పోతుంది, పావుగంట పెట్టి అరగంట ఆపి మళ్లీ పెడితే మొత్తం ఇంకుతుంది.

ఇంకిందో లేదో చూడటానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. నీళ్లు పెట్టిన మర్నాడు గుచ్చితే పిడి దాకా సులువుగా దిగాలి. దాహం వేసిందో లేదో గడ్డే చెబుతుంది: ఆకు సన్నగా మడుచుకుని నీలం కలిసిన బూడిదరంగుకి తిరుగుతుంది, నడిచి వెనక్కి చూస్తే అడుగుల ముద్రలు లేవకుండా అలాగే ఉంటాయి. అది కనపడ్డ రోజు పోస్తే చాలు, క్యాలెండర్ చూడక్కర్లేదు. ఎక్కడైనా మచ్చ వచ్చి అనుమానంగా ఉంటే గుప్పెట్లో గడ్డి పట్టి లాగండి. గట్టిగా పట్టుకుని ఉంటే దాహమే, చాపలా ఊడి వస్తే కింద వేరు పురుగు ఉన్నట్టు, అప్పుడు నీళ్లు పోసి లాభం లేదు.

మధ్యాహ్నం నీళ్లు పోస్తే చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకు మాడుతుందంటారు, గడ్డి విషయంలో అది నిజం కాదు, కాకపోతే కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి. నిజంగా మాడ్చేది ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లు. చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంటాయి, ముందు అవి బకెట్లోకి వదిలేసి తర్వాత పోయాలి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు లాన్‌కి వాడట్లేదు, అందులో మామూలు నీళ్ల కంటే ఉప్పు ఎక్కువ, బాత్రూములు కడగడానికి సరిపోతాయి. ఏసీ నుంచి కారే నీళ్లలో మాత్రం ఉప్పు ఉండదు, ఆ బకెట్లు మూలల్లో పోస్తున్నాం.

కోత విషయం: ఎండలో పొట్టిగా కోయకూడదు. రెండంగుళాలు ఉంచుతున్నా, ఒకసారికి ఆకులో మూడో వంతుకి మించి కోయను. పొడుగు ఆకు తన నీడతో నేలని కప్పుకుంటుంది. కోసిన తుంపులు అక్కడే వదిలేస్తే ఎండి మట్టిలో కలిసి మళ్లీ ఎరువవుతాయి. మెషిన్ బ్లేడు సాన పట్టించాక తేడా వెంటనే కనపడింది, మొద్దు బ్లేడు ఆకుని చీలుస్తుంది, ఆ చీలిన కొసలు రెండు రోజుల్లో తెల్లబడి దూరం నుంచి లాన్ మొత్తం ఎండినట్టు కనపడుతుంది.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్లు పగులుతాయన్నది ఊరికే పుట్టిన మాట కాదు. పగలు 45, రాత్రి కూడా 30 దిగట్లేదు, ఎండగాలి వేరే. బోరు తగ్గింది, వారానికి రెండోసారి పోయడం ఆపేశాను. గడ్డి రంగు కొంచెం దిగింది, దక్షిణం మూల గోధుమరంగుకి వచ్చింది. అమ్మ కంగారు పడింది. ఒక కాడ తవ్వి చూపించాను, పైన ఆకు ఎండింది గానీ మట్టిలోని కాడ గిల్లితే తెల్లగా, తడిగా ఉంది. వేరు ఎంత దిగిందో అని అక్కడే చూస్తే జానెడు లోతులో కూడా తెల్లటి వేర్లు కనపడ్డాయి. నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే. ఈ పదిహేను రోజులు ఎరువు లేదు, కోత లేదు, మందు లేదు, పొడుచుకుంటూ గుల్ల చేసే పని అసలే లేదు. ఎండ ఉగ్రంగా ఉన్నప్పుడు గడ్డిని వదిలేయడమే మంచిది, బతికుంచే నీళ్లు మాత్రం ఇవ్వాలి.

మృగశిర తర్వాత, ఇప్పుడు

వానలు పడ్డాయి. వాన నీళ్లలో ఉప్పు ఉండదు, మట్టిలో పేరుకున్నదాన్ని కూడా కిందికి కడిగేస్తుంది, అందుకే ఒక్క మంచి వానకి వచ్చే పచ్చదనం నెల రోజుల బోరు నీళ్లకి రాదు. దక్షిణం మూల చిగురేసింది. నాన్న సాయంత్రాలు కుర్చీ అక్కడే వేయించుకుంటున్నారు.

ఇక చేయాల్సినవి. ఈ వారం చదరపు మీటరుకి 10 గ్రాముల యూరియా, వాన వచ్చేలా ఉన్న రోజు చూసి. నేల కాస్త గట్టిపడింది కాబట్టి అర అంగుళం ఇనుప చువ్వతో జానెడుకొకటి చొప్పున నాలుగంగుళాల లోతు గుచ్చి, ఆ బొక్కల్లోకి ఇసుక, వర్మీ కంపోస్టు కలిపి ఊడవాలి. పైన 5 మిల్లీమీటర్ల పొర వేయడానికి అయిదు సిమెంటు సంచుల మిశ్రమం సరిపోతుంది, ఇసుక చెప్పి ఉంచాను. వానల్లో తుంగ మళ్లీ లేస్తోంది, తొలిక పని కొనసాగుతుంది. లద్దె పురుగు కూడా ఈ కాలంలోనే వస్తుంది, సాయంత్రం పూట టార్చి వేసి చూస్తున్నా, ఇప్పటివరకైతే కనపడలేదు. ఆగస్టులో మళ్లీ ఒకసారి మట్టి పరీక్షకి పంపాక పీహెచ్ ఎంత వచ్చిందో, దాన్ని తగ్గించడానికి గంధకం వేయాలో వద్దో ఇక్కడే రాస్తాను.